ఒకే జీపుకి మూడు కొలతలు

కార్తీకమాసం, మూడో సోమవారం, పగలు పదకొండు గంటల పది నిమిషాలు. జరిగి మూడేళ్ళయింది. గడియారం చూసి మరీ గుర్తు పెట్టుకున్నాను. ఆ నిమిషంలో మా షెడ్డులో ఉన్న జీపు తనంతట తాను కదిలింది. ఇంజను ఆపి ఉంది. లోపల మనిషి లేడు. ఎవరూ చెయ్యి వెయ్యలేదు. ముందు జానెడు కదిలింది, తర్వాత మూరెడు, తర్వాత బారెడు. పోయి పోయి మూల ఉన్న గ్యాసు సిలిండర్ల బండికి తగిలి ఆగింది. సిలిండర్లు ఖాళీవి కాబట్టి ఇది రాయడానికి నేనున్నాను.

అంతకు ముందు మూడు వారాలుగా నాకు అర్థం కాని సంగతి ఆ బారెడు దూరంలో అర్థమైంది. కొంత ఇప్పటికీ అర్థం కాలేదు. అదీ రాస్తాను. ఈ పనిలోకి వచ్చే పిల్లలు అర్థమైన సంగతులు ఎక్కడైనా నేర్చుకోగలరు.

నాది జగ్గయ్యపేట. చిల్లకల్లు వెళ్ళే రోడ్డులో నలభై ఏళ్ళు బండ్ల పని చేశాను. అక్షరాలు మాత్రం వయసు నలభై దాటాక మా ఆవిడ దగ్గర నేర్చుకున్నాను. రాతలో తప్పులుంటే సర్దుకోండి. పనిలో తప్పు గురించే ఈ రాత, దాన్ని సర్దుకోవద్దు.

జీపు నందిగామ షావుకారు గారి అబ్బాయిది. అబ్బాయి అంటే ముప్పై అయిదేళ్ళ మనిషి. ఎరువుల కొట్టు నడుపుతాడు, ఎవరితోనైనా అండీ అనకుండా మాట్లాడడు. ఆదివారమైతే స్నేహితులతో కలిసి కొండల్లో, వాగుల్లో బండి తోలడం అతనికి సరదా. పాత జీపు ఒకటి కొని తెచ్చి, దీన్ని అయిదంగుళాలు పైకి లేపాలి, పెద్ద టైర్లు వెయ్యాలి అన్నాడు.

"ఎందుకు బాబూ అంత ఎత్తు?" అన్నాను.

"రాళ్ళ మీద కింద తగలకూడదండీ."

"రాళ్ళ మీదికి ఎందుకు పోవడం? నందిగామ నుంచి ఇక్కడిదాకా తారు రోడ్డేగా."

నవ్వాడు. ఆ సరదా నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు. కానీ పని వచ్చింది, చేశాం.

పాత జీపుకి ముందు ఇరుసు కింద, బండి బరువు మోసే కమాన్ పట్టీలు ఉంటాయి. వాటిని ఇరుసు పైకి మారిస్తే బండి లేస్తుంది. పైకి మార్చాలంటే పట్టీలు కూర్చోడానికి ఇరుసు మీద కొత్తగా రెండు ఇనుప పలకలు వెల్డింగు చెయ్యాలి. ఆ పలకలు ఏ వాలులో కూర్చుంటే ఇరుసు ఆ వాలులో తిరిగి ఉంటుంది. అక్కడే ఉంది అసలు సంగతి. సైకిలు ముందు ఫోర్కు చూడండి, నిటారుగా ఉండదు, పైభాగం తొక్కేవాడి వైపు వాలి ఉంటుంది. అందుకే సైకిలు సాగుతున్నప్పుడు హ్యాండిలు వదిలినా తిన్నగా పోతుంది. జీపు ముందు చక్రాలకీ ఆ వాలు కావాలి. దాన్ని కాస్టర్ అంటారు. అది తక్కువైతే స్టీరింగు తిప్పాక వెనక్కి రాదు, బండి రోడ్డు మీద తాగినవాడిలా ఊగుతుంది. మరీ ఎక్కువైతే ఇరుసు ముక్కు కిందికి వాలి, ముందు ఇరుసుని తిప్పే షాఫ్టు కీలు దగ్గర గుడగుడమంటుంది. ఎత్తు పెంచిన ఈ జీపుకి నాలుగు నాలుగున్నర డిగ్రీలు ఉంటే చాలు.

కొలవడానికి నా దగ్గర అరచేతిలో పట్టే చిన్న పెట్టె ఉంది. చక్రం దగ్గర ఇరుసు మూత మీద పెడితే వాలు ఎంతో అంకె చూపిస్తుంది. పూర్వం ఇదేమీ లేదు. బండి తోలి, స్టీరింగు వదిలి, అది ఎంత తొందరగా వెనక్కొస్తుందో చూసి చెప్పేవాణ్ణి. అంకెలు చదవడం వచ్చాక పెట్టె కొన్నాను. కొన్నాక చెయ్యి చెప్పేదాని కంటే పెట్టె చెప్పేదే నమ్మాను.

వెల్డింగు చేసినవాడు మా బావ. చుట్టరికం ఏమీ లేదు. ముప్పై ఏళ్ళుగా పక్కపక్కన పని చేస్తూ బావా అంటే బావా అనుకుంటున్నాం. ఆ ఏడే ఆయన రెండు కళ్ళకీ శుక్లాలు తీయించుకున్నాడు. ఆపరేషను బాగానే అయింది. కానీ వెల్డరుకి కంటి ఆపరేషను అంటే ఊరు ఊరుకోదు. ట్రాక్టరు ట్రక్కులు కట్టించేవాళ్ళు పని ఇచ్చేముందు ఆయన మొహం వంక ఒకసారి చూసి ఇచ్చేవాళ్ళు. ఆయనకి అది తెలుసు. నాకూ తెలుసు. తెలిసి చేశాను కాబట్టే ఈ రాత.

ఆ రోజు జీపుని వెనక సందు గేటులోంచి తోసుకొచ్చి, మొహం పడమటికి పెట్టి నిలిపాం. మా షెడ్డు తూర్పు పడమరలు పొడుగు. పడమట రోడ్డు, తూర్పున సందు, రెండు వైపులా గేట్లు. బావ పలకల్ని చిన్న చుక్కలు వేసి తాత్కాలికంగా పట్టించాడు. బండి బరువు చక్రాల మీదికి దించి, నేను పెట్టె పెట్టాను. నాలుగు చూపించింది.

"అక్కడే, ఆపు" అన్నాను.

"పూర్తిగా వేసెయ్యనా?"

"వేసెయ్."

వేశాడు. వెల్డింగు చూస్తే వరసగా పేర్చిన చిల్లర బిళ్ళల్లా ఉంది. అంత నున్నగా పడింది. అబ్బాయి జీపు తోలుకుని వెళ్ళాడు.

అయిదో రోజు ఫోను. ఆ మనిషి మామూలుగా నెమ్మదిగా మాట్లాడతాడు. ఆ రోజు గడగడా చెప్పేశాడు.

"మేస్త్రీ గారూ, కీసర టోలు దాటాక లారీని దాటబోయానండీ. బండి తనే లారీ వైపు లాగేసిందండీ. తిప్పితే తిరిగింది గానీ వెనక్కి రాలేదు. మా ఆవిడ పక్కనే ఉంది."

తీసుకురమ్మన్నాను. ఈసారి రోడ్డు గేటులోంచి వచ్చాడు, బండి మొహం తూర్పుకి. పెట్టె పెట్టాను. ఒకటి కూడా లేదు. సున్నా పాయింటు ఎనిమిది. తీసి మళ్ళీ పెట్టాను. అంతే. అవతలి చక్రం దగ్గర పెట్టాను. అంతే.

అయిదు రోజుల్లో నాలుగు డిగ్రీలు ఒకటికి ఎలా దిగాయో నాకు తోచలేదు. మా షెడ్డు ఎలక్ట్రీషియను వచ్చి తొంగి చూశాడు. నలభై అయిదేళ్ళ వాడు, లోకంలో ఏ రోగానికైనా బ్యాటరీయే కారణం అంటాడు.

"పెట్టెలో సెల్లు అయిపోయుంటది బాబాయ్."

సెల్లు మార్చాం. అంకె మారలేదు. పక్క వీధి వడ్రంగి దగ్గరున్న పెట్టె తెప్పించాను. అదీ అదే చెప్పింది. అబ్బాయి ఫోనులో ఏదో నొక్కి ఫోనుని ఇరుసు మీద పెట్టాడు. అదీ అదే. ముగ్గురు సాక్షులు ఒకే మాట చెప్తుంటే కాదనేది ఎలా? ఇక మిగిలింది ఒకటే, పలకలు కదిలి ఉండాలి. పలకలు కదిలాయంటే వెల్డింగు పట్టలేదన్నమాట.

బావని పిలిచాను. ఆయన కిందికి దూరి, టార్చి వేసి, వేలితో వెల్డింగు చుట్టూ తడిమి బయటికి వచ్చాడు.

"కదల్లేదు. కదిలితే పగులుద్ది. పగులు లేదు."

"నాలుగున్నది ఒకటి ఎట్టయింది మరి?"

"నాకేం తెలుసు? పెట్టె నీది, చూపు నీది, మాట నీది. చుక్క మాత్రమే నాది బావా."

ఆ మాట నాకు గుచ్చుకుంది. అబ్బాయి పక్కనే ఉన్నాడు. చావు తప్పించుకుని వచ్చిన మనిషి నా మొహమే చూస్తున్నాడు. ఏదో ఒకటి చెప్పాలి. చెప్పాను.

"నీకు కళ్ళు ఆనట్లేదు బావా. ఆపరేషను అయ్యాక నీ పని నీ పనిలా లేదు. ఒప్పుకో."

ఆయన చేతి తొడుగులు తీసి మేకుకి తగిలించాడు. మాస్కు చంకలో పెట్టుకున్నాడు. తన గ్యాసు సిలిండర్ల బండి వంక చూశాడు, మూల ఉంది, తోసుకుపోవాలా వద్దా అన్నట్టు. వదిలేసి వెళ్ళిపోయాడు.

మర్నాటికి ఆ మాట నందిగామ చేరింది. అబ్బాయి చెడ్డవాడు కాదు, ఎవరో అడిగితే జరిగింది చెప్పాడు. నందిగామలో ట్రాక్టరు ట్రక్కులు కట్టించే ఆయన ఏళ్ళ తరబడి బావకే పని ఇస్తున్నాడు. ఆ వారం ఇవ్వలేదు. బావ పోయి గరికపాడు చెక్‌పోస్టు దగ్గర, లారీల తలుపులు, కొక్కేలు అతికే చిన్న కొట్టులో చేరాడని విన్నాను. ముప్పై ఏళ్ళు ఇరుసులు అతికిన మనిషి కొక్కేలు అతుకుతున్నాడు. విని, పోన్లే, కొక్కేలైతే ఎవరికీ ప్రమాదం లేదు అనుకున్నాను. అలా అనుకున్న సంగతి దాచుకోను.

తర్వాత నేనే పని పట్టాను. ఒక వైపు మందంగా, ఒక వైపు పలచగా ఉండే ఇనుప ముక్కలు ఉంటాయి, వెడ్జిలు అంటారు. పలకకీ పట్టీలకీ మధ్య వాటిని పెడితే ఇరుసు తిరుగుతుంది. నాలుగు డిగ్రీలవి పెట్టాను. పెట్టె దాదాపు అయిదు చూపించింది. హమ్మయ్య అనుకుని పంపించాను.

వారానికి మళ్ళీ ఫోను.

"మేస్త్రీ గారూ, ఇప్పుడు తిన్నగా పోతుందండీ. కానీ కింద ఎవరో పిండి రుబ్బుతున్నట్టు ఉందండీ."

షాఫ్టు గుడగుడ. కాస్టర్ ఎక్కువైతే వచ్చే జబ్బు అది. కానీ పెట్టె అయిదే చెప్పింది, అయిదుకి అంత గుడగుడ రాదు. రమ్మన్నాను. ఆదివారం సాయంత్రం వచ్చాడు. రోడ్డు గేటు ముందు ఎవరిదో మొక్కజొన్న లారీ అడ్డంగా ఉంది. సందు చుట్టూ తిరిగి వెనక గేటులోంచి లోపలికి వచ్చాడు. మొహం పడమటికి. పెట్టె పెట్టాను.

ఎనిమిది.

ఇక నా సంగతి ఏం చెప్పను. నాలుగు అయింది, ఒకటి అయింది, అయిదు అయింది, ముట్టుకోకుండా ఎనిమిది అయింది. అబ్బాయి డాష్‌బోర్డు మీద నిమ్మకాయ పెట్టాడు. అంత చదువుకున్న మనిషి నిమ్మకాయ పెడుతుంటే నేను వద్దనలేకపోయాను. ఆ రాత్రి అన్నం తింటూ మా ఆవిడని అడిగాను, ఇనుము వాతావరణాన్ని బట్టి వంగుతుందా అని. ఆవిడ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

తెల్లారితే సోమవారం. షెడ్డు ఊడ్చే ఆమె సోమవారం నేలంతా కడుగుతుంది. కార్తీక సోమవారం కాబట్టి ఉపవాసం, ఉపవాసం కాబట్టి చిరాకు.

"బండ్లు తియ్యరు, సామాన్లు తియ్యరు, కడగమంటారు. ఎక్కడ కడగను మావయ్యా, మీ నెత్తిన కడగనా?"

"కడుగు. కాస్త చల్లబడుద్ది" అన్నాను.

ఎలక్ట్రీషియను జీపు బానెట్టు ఎత్తి బ్యాటరీ ఊడదీశాడు. ఎందుకు ఊడదీశాడో అడగలేదు. ఎవరో ఒకరు ఏదో ఒకటి చేస్తున్నారులే అనుకున్నాను. అబ్బాయి పొద్దున్నే నందిగామ నుంచి వచ్చి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. గేరు తీసి ఉంది. హ్యాండ్ బ్రేకు తీగ నేనే విప్పి పెట్టాను. వెనక టైర్ల కింద ఎప్పటిలా రాళ్ళు ఉన్నాయి.

ఆమె వంగి, ఒక రాయి లాగింది. తర్వాత రెండోది.

అప్పుడు కదిలింది.

నేను కేక వేశానో లేదో గుర్తు లేదు. అబ్బాయి కుర్చీలోంచి లేచాడు. జీపు ఎవరో పిలిస్తే వెళ్తున్నట్టు నెమ్మదిగా, వెనక్కి, ఈశాన్యం మూలకి పోయి బావ బండికి తగిలి ఆగింది. సిలిండర్లు గల్లుమన్నాయి.

నేను ఊడ్చే ఆమె వైపు తిరిగాను.

"ఏం చేసావమ్మా?" అన్నాను.

"రాయి తీసా. రాయి కింద మురికి ఉండదా?"

"రాయి తీస్తే బండి ఎందుకు కదిలిద్ది?"

ఆమె చీపురు నేలకి ఆనించి నా వంక చూసింది. పిచ్చివాడిని చూసినట్టు కూడా కాదు, పసివాణ్ణి చూసినట్టు.

"పల్లానికి కదలక మెరక్కెక్కుద్దా మావయ్యా? ఆరేళ్ళ నుంచి నీళ్ళు ఇటే తోస్తన్నా. ఈశాన్యం పల్లం చేయించింది నువ్వే గదా."

నేనే. అంతకు ఆరేళ్ళ ముందు పని బాగా మందగించింది. మైలవరం నుంచి వాస్తు చూసే ఆయన్ని పిలిపించాను. నీళ్ళు ఈశాన్యానికి పారాలి, నీ నేల పడమటికి వాలింది, అందుకే లక్ష్మి రోడ్డు మీదికి పోతోంది అన్నాడు. పాత నేల పగలగొట్టించాను. తాపీమేస్త్రీతో మట్టం చూసే నీళ్ళ గొట్టం పట్టించి, ఇరవై నాలుగు అడుగుల షెడ్డుకి ఎనిమిదంగుళాలు వాలు పెట్టించాను. మూడు అంగుళాలు చాలు అని తాపీమేస్త్రీ అంటే, పుణ్యానికి కొలతేంటి, ఎనిమిది పెట్టు అన్నాను.

ఆ వాలు డిగ్రీల్లో ఒకటిన్నర దాటుతుంది. మొహం పడమటికి పెడితే బండి ముక్కు పైకి లేచి, కాస్టర్ ఉన్నదాని కంటే ఒకటిన్నర ఎక్కువ చూపిస్తుంది. తూర్పుకి పెడితే అంత తక్కువ చూపిస్తుంది. ఒకే జీపు అటు తిరిగితే నాలుగు, ఇటు తిరిగితే ఒకటి లోపు. పెట్టెలు మూడూ నిజమే చెప్పాయి. అవి ఇనుముతో పాటు నేలని కూడా కొలిచాయి. నేల అబద్ధమని వాటికి ఎవరు చెప్తారు?

నేల పోసిన రోజు బావ కూడా ఉన్నాడు. ఆయన అన్న మాట ఆ నిలబడ్డ చోటే గుర్తొచ్చింది. "బావా, వాలు మరీ ఎక్కువైంది. బండి నిలవదు." నేనేమో "రాయి పెడతాం" అన్నాను. పెట్టాం. ఆరేళ్ళు పెట్టాం. ఎందుకు పెడుతున్నామో పెట్టగా పెట్టగా మర్చిపోయాం.

మిగతా పని చిన్నది. జీపుని లారీలు తూచే కాటా మీదికి తీసుకెళ్ళాం. ఊళ్ళో దానికంటే చదునైన చోటు లేదు. అక్కడ వెడ్జిలతో ఆరు దాటింది. తీసేస్తే రెండున్నర లోపు. అంటే మొదటి రోజు నేను ఆపు అన్న చోటే తప్పు. బావ నేను ఆపమన్నచోట ఆపాడు, అంతే. రెండు డిగ్రీల వెడ్జిలు మార్చి పెట్టాను. నాలుగున్నర లోపు వచ్చింది. హైవే ఎక్కి, కీసర దాకా తోలి, చాలా ఏళ్ళ తర్వాత స్టీరింగు వదిలి చూశాను. చేతి కింద అది బుద్ధిగా వెనక్కొచ్చింది. గుడగుడ లేదు.

అక్కణ్ణుంచి తిరిగొస్తూ నందిగామలో ట్రక్కులు కట్టించే ఆయన దగ్గర ఆపమన్నాను.

"ఎందుకండీ?" అన్నాడు అబ్బాయి.

"నువ్వు ఏ చోట చెప్పావో ఆ చోట నేను చెప్పాలి బాబూ."

ఆయన కొట్టులో పదిమంది ఉన్నారు. తప్పు నాది, కళ్ళు ఆనంది నాకు, ఆయన వెల్డింగు చెక్కు చెదరలేదు అని చెప్పాను. వాళ్ళు నవ్వారు. ఈశాన్యం వాలు సంగతీ చెప్పాను కదా, సాయంత్రానికి అది ఊరంతా పాకింది. నవ్వితే నవ్వారు, బావకి పని తిరిగి ఇస్తామన్నారు.

తర్వాత గరికపాడు. ధాబా పక్కన రేకుల కొట్టు. బావ లారీ వెనక తలుపు కొక్కెం అతుకుతున్నాడు. డ్రైవర్లు, క్లీనర్లు చుట్టూ ఉన్నారు. వాళ్ళ ముందే మొత్తం చెప్పాను. దారిలో కూడబలుక్కున్న మాటలు అక్కడ వరస తప్పాయి. ముందు జీపు కదలడం చెప్పి, తర్వాత కాటా చెప్పి, క్షమించమని మధ్యలో ఎక్కడో అన్నాను.

ఆయన మాస్కు ఎత్తాడు.

"నేల పోసిన రోజు ఏమన్నా?"

"వాలెక్కువైందన్నావు."

"నువ్వేమన్నావు?"

"రాయి పెడతాం అన్నా."

"మరి పెట్టాంగా" అని కొక్కెం వంక చూశాడు.

"షెడ్డుకి రా బావా."

"కూచుని టీ తాగు" అన్నాడు. మాస్కు దించుకున్నాడు. నిప్పురవ్వలు లేచాయి. నేను టీ తాగాను. ఆయన అతకడం ఆపలేదు.

నందిగామ పని ఆయనకి తిరిగొచ్చింది. ఇప్పుడు చేతి నిండా ఉంది. అంతా గరికపాడులోనే చేస్తాడు. మా షెడ్డుకి రాలేదు. ఆ ఏడు చివర్లో నేనూ పని మానేశాను, షెడ్డు మా మేనల్లుడు చూస్తున్నాడు. కొలిచేముందు నేల మీద పెట్టె పెట్టి చూడరా అని వాడికి చెప్పాను. బావ గ్యాసు బండి ఇంకా ఈశాన్యం మూలే ఉంది. తీసుకుపొమ్మని రెండుసార్లు కబురు పెట్టాను. సరే అంటాడు, తీసుకుపోడు. అది వస్తానని చెప్పడమా, ఇక ఆ మూలకి రానని చెప్పడమా, నాకు అంతుపట్టదు. మేనల్లుడు దాన్ని జరుపుతానంటే వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో అదీ తెలియదు.

ఆ సోమవారం పదకొండు గంటల పది నిమిషాలకి షెడ్డులో ఉన్నవాళ్ళు వీళ్ళు. కడుపు మాడ్చుకుని చీపురు పట్టుకున్న ఊడ్చే ఆమె. ఊడదీసిన బ్యాటరీని పసిపిల్లలా ఎత్తుకుని నిలబడ్డ ఎలక్ట్రీషియను. గుమ్మం దగ్గర, డాష్‌బోర్డు మీది నిమ్మకాయ దొర్లుకుంటూ పోతుంటే చూస్తున్న నందిగామ షావుకారు గారి అబ్బాయి. నేను. బావ లేడు. ఆయన వెల్డింగు ఉంది, ఇరుసు మీద, నేను పెట్టమన్నచోట, వెంట్రుకవాసి కదలకుండా.